ఒక్కపొద్దు, టీ, గోలీలు: ఒక మైగ్రేన్ కేసు

ఆమెకు 36 ఏళ్లు. వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర్లో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతారు, మగ్గం వర్క్ చేస్తారు. దసరా పనుల హడావుడి అయిపోయాక అత్తగారిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఆమె ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

కూర్చోగానే ఆమె అన్న మాట: "తలకాయ నొప్పి ఇడుస్తలేదు మేడం. నెలల పది దినాలన్న మంచిగుంటే చాలు."

నొప్పి ఇంటర్ చదివే రోజుల్లో మొదలైంది. అప్పట్లో నెలకు ఒకటి రెండు సార్లు వచ్చేది. ఎక్కువగా ఎడమ కణత దగ్గర మొదలై కంటి వెనక్కి పాకేది, నాడి కొట్టుకున్నట్టు కొట్టుకునేది. మెట్లెక్కినా, వంగి ఇల్లు ఊడ్చినా పెరిగేది. వెలుతురు, టీవీ చప్పుడు, పోపు వాసన ఏదీ పడేది కాదు. వాంతి చేసుకుని చీకటి గదిలో పడుకుంటే ఆ పూటకో, మర్నాటికో తగ్గేది. రెండు కాన్పులప్పుడూ నెలలు నిండేకొద్దీ నొప్పి దాదాపు పోయింది. కాన్పయిన కొన్ని వారాలకు తిరిగొచ్చింది.

గత రెండేళ్లుగా పరిస్థితి మారింది. నెలలో ఇరవై రోజులకు పైగా ఎంతో కొంత నొప్పి ఉంటోంది. పొద్దున లేచేసరికే తల బరువు. అది చాలదన్నట్టు వారానికి రెండు మూడు రోజులు పాత పద్ధతిలో వాంతులతో కూడిన నొప్పి. ఆ రోజుల్లో దువ్వెన తగిలినా నెత్తి మంటగా ఉంటుందని, కొప్పు ముడి విప్పేస్తే తప్ప ఉండలేనని చెప్పారు.

ఈ రెండేళ్లలో కళ్లద్దాలు మారాయి. సైనస్ అనుకుని ఎక్స్‌రే, ఆవిరి పట్టడం, యాంటీబయాటిక్ కోర్సులు అయ్యాయి. మెదడుకు సీటీ స్కాన్ తీయించారు, నార్మల్ అని వచ్చింది. ఇంట్లో పైత్యం అన్నారు. అత్తగారి నమ్మకం ఇంకోటి: "అమాస రాంగనే మొదలైతది మేడం. దిష్టి తీసినా పోతలేదు." ఆమె అనుమానం మాత్రం మిర్చి ఘాటు మీద. సీజన్‌లో బస్తాలతో బండ్లు వాకిలి ముందు నుంచే పోతాయి మరి.

సైనస్ గురించి ఇక్కడ ఒక మాట. మైగ్రేన్‌లో కూడా ముక్కు దిబ్బడ వేస్తుంది, కళ్లలో నీళ్లు కారతాయి, కనుబొమల మధ్య, బుగ్గల మీద బరువుగా ఉంటుంది. ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరమే ఈ నొప్పికీ దారి కాబట్టి అలా జరుగుతుంది. జ్వరం, చిక్కటి పచ్చటి చీమిడి, వాసన తెలియకపోవడం వంటివేవీ లేకుండా ఏళ్ల తరబడి వచ్చిపోయే 'సైనస్ తలనొప్పి'ని నేను ముందు మైగ్రేన్‌గానే అనుమానిస్తాను.

పర్సులో ఉన్న మూడు స్ట్రిప్పులు

తలనొప్పి కేసులో నేను ఎక్కువ సమయం పెట్టేది గోలీల లెక్క మీద. "నొప్పి వచ్చినప్పుడే ఏసుకుంట" అని దాదాపు అందరూ అంటారు, అది అబద్ధం కాదు. నొప్పి రోజూ వస్తుంటే గోలీ కూడా రోజూ పడుతుంది, అంతే. అందుకే "పోయిన వారం సోమవారం ఏం వేసుకున్నారమ్మా? మంగళవారం?" అని ఒక్కో రోజూ అడుగుతాను. ఆమె పర్సు తెరిచి మూడు స్ట్రిప్పులు బల్ల మీద పెట్టారు. ఒకటి ఎర్గొటమైన్ (రక్తనాళాలను బిగించే మైగ్రేన్ మందు), కెఫీన్, పారాసిటమాల్ కలిసినది. రెండోది డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసినది. మూడోది ఒట్టి పారాసిటమాల్. మొదటిది మెడికల్ షాపులో చీటీ లేకుండానే తెచ్చుకుంటున్నారు. అన్నీ కలిపితే నెలకు 20 రోజుల దాకా ఏదో ఒకటి పడుతోంది. ఆర్డర్లు ఎక్కువున్న రోజుల్లో నొప్పి రాకముందే పరిగడుపున ఒకటి వేసుకుని మిషన్ మీద కూర్చుంటున్నారు.

ఆ తర్వాత తిండి, నిద్ర. పొద్దున అయిదింటికి టీ. పిల్లల డబ్బాలు కట్టి పంపాక మళ్లీ టీ. మొదటి ముద్ద నోట్లోకి పోయేది మధ్యాహ్నం ఒకటిన్నరకు. రోజుకు ఏడెనిమిది టీలు. సోమవారం ఒక్కపొద్దు, ఆ రోజు పొద్దుగూకే దాకా టీలే. పెళ్లిళ్ల ముందు రాత్రి ఒంటి గంట వరకు పని, ఆర్డర్ ఇచ్చేసిన మర్నాడు పది దాకా నిద్ర.

కంటి గురించి అడిగితే ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది. ఏడాదికి నాలుగైదు సార్లు, నొప్పికి ముందు, జరీ పోగు మెరిసినట్టు వంకర టింకర వెలుగు గీత ఒకటి చూపులో మొదలై మెల్లగా పక్కకు పాకుతుంది. అది ఉన్నంతసేపు సూది బెజ్జం కనిపించదు. ఇరవై నిమిషాల్లో పోతుంది, ఆ వెంటనే తలనొప్పి మొదలవుతుంది. రోజంతా జరీ చూడటం వల్లనే అని ఆమె అనుకున్నారు, ఎవరికీ చెప్పలేదు. దీన్నే ఆరా అంటారు. మెదడు వెనక భాగంలో, చూపును చూసుకునే పొర మీద ఒక విద్యుత్ అల నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో పాకుతుంది. అది దాటిన చోట కణాలు కాసేపు స్తబ్దుగా అయిపోతాయి. బ్రెజిల్‌కు చెందిన లియావ్ అనే శాస్త్రవేత్త 1944లోనే ఈ అలను కుందేళ్ల మెదడులో చూసి రాశారు.

ఆరా ఉందని తెలిస్తే ఆడవాళ్లను తప్పకుండా అడగాల్సిన ప్రశ్న గర్భనిరోధక మాత్రల గురించి. ఆరా ఉన్న మైగ్రేన్‌లో పక్షవాతం ముప్పు మామూలు కంటే కొంచెం ఎక్కువ. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు, పొగతాగడం తోడైతే ఇంకా పెరుగుతుంది. అలాంటి వాళ్లకు ఈస్ట్రోజెన్ లేని పద్ధతి చూడాలి. ఈమెకు రెండో కాన్పు తర్వాత పిల్లలు కాకుండా ఆపరేషన్ అయింది, మాత్రల అవసరం లేదు.

ఆమె తల్లికి కూడా ఒంటి తలనొప్పి ఉండేదట. ఈమెకు ఇంకో బాధ కూడా ఉంది: చలికాలంలో ఆయాసం వస్తుంది, ఇన్‌హేలర్ వాడతారు.

పరీక్షలో పెద్దగా ఏమీ దొరకలేదు. బీపీ 124/80. చూపు, ముఖం, చేతులు, కాళ్లు, నడక అన్నీ బాగున్నాయి. కంటి వెనక నరం ఉబ్బు లేదు. తలనొప్పితో వచ్చిన ప్రతివాళ్ల కంట్లోకీ లైటు వేసి చూడటం మానకూడదని నా అభిప్రాయం, తలలో ఒత్తిడి పెరిగితే చాలాసార్లు జాడ అక్కడే దొరుకుతుంది. హిమోగ్లోబిన్ 9.6 ఉంది, ఐరన్ మొదలుపెట్టాను. థైరాయిడ్ నార్మల్. కొత్త స్కాన్ రాయలేదు. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చిన నొప్పి అయినా, యాభై దాటాక కొత్తగా మొదలైనా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, ఫిట్స్ వచ్చినా, ఒక పక్క చేయి కాలు చచ్చుబడినా, బాలింతకు కొత్తగా వచ్చినా ఆ రోజే స్కాన్‌కు పంపేదాన్ని. బాలింతల్లో మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే జబ్బు మన దగ్గర తరచూ చూస్తాం, అది మామూలు తలనొప్పిలా మొదలై ప్రాణం మీదికి తెస్తుంది. ఈమెది పంతొమ్మిదేళ్లుగా ఒకే పోకడతో వస్తున్న నొప్పి.

రోగ నిర్ధారణ

మైగ్రేన్ అనడానికి ప్రపంచమంతా వాడే కొలత ఒకటుంది. మందు వేయకపోతే 4 నుంచి 72 గంటలు ఉండే నొప్పి, కనీసం అయిదు సార్లైనా వచ్చి ఉండాలి. ఒక పక్కన రావడం, నాడిలా కొట్టుకోవడం, పని ఆపేసేంత తీవ్రత, నడిస్తే పెరగడం, ఈ నాలుగింటిలో రెండు ఉండాలి. దానికి తోడు వికారమో వాంతులో, లేదా వెలుతురూ చప్పుడూ రెండూ పడకపోవడమో ఉండాలి. ఈమెకు అన్నీ ఉన్నాయి. మూడు నెలలకు పైగా, నెలకు 15 రోజులో అంతకంటే ఎక్కువో తలనొప్పి ఉండి, అందులో 8 రోజులైనా మైగ్రేన్ లక్షణాలు ఉంటే దాన్ని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. అదీ సరిపోయింది.

దాని మీద ఇంకో జబ్బు చేరింది. గోలీలు ఎక్కువై వచ్చే తలనొప్పి. ఎర్గొటమైన్, ట్రిప్టాన్ అనే రకం మైగ్రేన్ మందులు, రెండు మూడు కలిపి చేసిన గోలీలు నెలకు 10 రోజులో అంతకు మించో పడినా, ఒట్టి పారాసిటమాల్ లాంటివి 15 రోజులో అంతకు మించో పడినా, మూడు నెలలు పైబడి అలాగే సాగితే, మైగ్రేన్ ఉన్న మెదడు ఇంకా సున్నితమవుతుంది. గోలీ పని అయిపోగానే నొప్పి, నొప్పికి మళ్లీ గోలీ. పొద్దున లేవగానే ఉండే తల బరువు చాలావరకు రాత్రంతా మందు, కెఫీన్ లేకపోవడం వల్ల వచ్చేదే.

ఇది చెప్పినప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను కావాల్నని ఏసుకోలే మేడం. ఏసుకోకుంటె మిషన్ మీద కూసోలేను, కూసోకుంటె పైసలు రావు." నిజమే. అంత నొప్పితో సూది పట్టుకుని పిల్లల ఫీజులు కట్టిన మనిషిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అత్తగారు వింటుండగానే ఆ మాట గట్టిగా చెప్పాను.

మిర్చి, అమావాస్య, తీపి

కారణం వేరు, రేపేవి వేరు. మైగ్రేన్‌కు కారణం పుట్టుకతో వచ్చిన మెదడు తీరు, అది చాలావరకు కుటుంబంలో నడుస్తుంది. ఆ మెదడుకు మార్పు గిట్టదు. తిండి వేళ తప్పినా, నిద్ర తగ్గినా, పెరిగినా, హార్మోన్ పడిపోయినా, ఎండ మండినా ట్రైజెమినల్ నరం చివర్లు సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని వదులుతాయి. మెదడు పొరల్లోని రక్తనాళాలు విప్పారి నొప్పి మొదలవుతుంది. ఈ దారిని బయటపెట్టిన నలుగురు శాస్త్రవేత్తలకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. 2018 నుంచి ఈ సీజీఆర్‌పీని అడ్డుకునే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. ధర ఎక్కువ, ఈమెకు అవసరం పడలేదు.

ఆమె మిర్చి అనుమానాన్ని నేను కొట్టిపారేయలేదు. కారంలో ఉండే క్యాప్సైసిన్ ముక్కులోని ట్రైజెమినల్ నరం చివర్లను నేరుగా తడుతుంది, అక్కడ సీజీఆర్‌పీ విడుదలవుతుంది. నరం చివర్ల మీద క్యాప్సైసిన్ తగిలే ద్వారాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. కాబట్టి ఘాటుకు తల పట్టేయడం ఒట్టి భ్రమ కాదు. అయితే మార్కెట్ పక్కనే ఉండి రోజూ ఘాటు పీలుస్తున్నప్పుడు రోజూ ఎందుకు రాదు? ఒక్కోరోజే ఎందుకు? దీనికి జవాబు కావాలంటే రాసుకుంటే తప్ప తేలదు.

ఆమె ఫోన్‌లో యాప్ వద్దన్నారు. గోడ క్యాలెండర్ చాలన్నాను. నొప్పి వస్తే ఆ తేదీ మీద గీత, బాగా ఎక్కువైతే రెండు గీతలు. గోలీ వేసుకుంటే చుట్టూ సున్నా. నెలసరికి చుక్క. ఒక్కపొద్దుకు 'ఒ', అర్ధరాత్రి దాకా పని చేస్తే 'రా', ఘాటు ఎక్కువనిపిస్తే 'మి'. అంతకుమించి రాయమని అడిగితే ఎవరూ రాయరు.

మార్చి నాటికి ఆమె చేతిలో నాలుగు నెలల క్యాలెండర్ ఉంది, మిర్చి సీజన్ మంచి ఊపు మీద ఉంది. మన క్యాలెండర్‌లో అమావాస్యలు ముందే అచ్చయి ఉంటాయి కాబట్టి అత్తగారి లెక్కే ముందు చూశాం. ఒక అమావాస్యకు నొప్పి ఉంది, మిగతావాటికి లేదు. ఆవిడే కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో నెలా తిప్పి చూశారు. రెండు గీతలు పడ్డ రోజులు ఎక్కువగా మూడు చోట్ల పోగయ్యాయి: నెలసరికి ముందు రెండు రోజులతో పాటు నెలసరి మొదటి రోజు; సోమవారం సాయంత్రాలు; పెద్ద ఆర్డర్ ఇచ్చేసిన మర్నాడు. 'మి' ఒక్కటే ఉన్న రోజుల్లో చాలావాటికి గీత లేదు. 'మి'తో పాటు 'ఒ' గానీ 'రా' గానీ ఉన్న రోజుల్లో మాత్రం దాదాపు ఎప్పుడూ గీత ఉంది.

చెరువు మత్తడి దుంకిందంటే ఆ రాత్రి వానే కారణమని అనలేం, అంతకు ముందు పడ్డవన్నీ కలిసి నింపి ఉంటాయి. ఆమెకు అది వెంటనే అర్థమైంది. "అంటే కడుపు నిండుగ ఉంటె ఘాటు ఏం జెయ్యదన్నట్టు" అన్నారు. పూర్తిగా అలా అనలేను గానీ, చాలావరకు అంతే.

ఆర్డర్ ఇచ్చేశాక మర్నాడు నొప్పి రావడం చాలామందికి వింతగా ఉంటుంది. టెన్షన్ ఉన్నన్నాళ్లు రాకుండా, అది దిగినప్పుడు వస్తుంది. ఆ రోజే ఆలస్యంగా లేవడం, పొద్దున టీ పడకపోవడం కూడా కలుస్తాయి. నెలసరి ముందు పడిపోయేది ఈస్ట్రోజెన్. గర్భంతో ఉన్నప్పుడు అది పెరిగి నిలకడగా ఉంటుంది, అందుకే ఆ నెలల్లో ఆమెకు హాయిగా ఉంది.

ఇంకో చిక్కు ఉంది. తీపి తింటే నొప్పి వస్తుందని ఆమె ఎప్పటినుంచో స్వీట్లు మానేశారు. కదిపి అడిగితే, నొప్పికి ముందు రోజు తీపి మీదికి విపరీతంగా మనసు పోతుంది, ఆవలింతలు ఆగవు, మెడ పట్టేస్తుంది, చిన్న మాటకే కోపం వస్తుంది. ఇవి మైగ్రేన్ అప్పటికే మొదలైందనడానికి గుర్తులు. తలలో నొప్పి ఇంకా తెలియదు గానీ మెదడు లోపల పని మొదలైపోయింది. తీపి తినడం దాని ఫలితం, ఆమె దాన్ని కారణం అనుకున్నారు. మెడ నొప్పి కూడా అంతే. మెడ ఎముకలు అరిగి తలనొప్పి వస్తోందని పట్టీ కట్టుకుని తిరిగేవాళ్లలో మైగ్రేన్ వాళ్లు కొందరు నాకు కనిపిస్తూనే ఉంటారు.

అందుకే తినకూడనివంటూ పొడుగాటి జాబితా రాసివ్వడం నాకు ఇష్టం ఉండదు. ఏది తిన్నాక ప్రతిసారీ వస్తోందో క్యాలెండర్‌లో కనబడితే అది మానాలి. లేకపోతే అన్నీ తినొచ్చు, వేళకు తినాలి. జాబితా పట్టుకుని సగం మానేసిన మనిషి ఆకలితో ఉంటుంది, ఆ ఆకలే నొప్పిని రేపుతుంది.

చికిత్స

మందులు మొదటి రోజే మొదలుపెట్టాను, క్యాలెండర్ నిండేదాకా ఆగలేదు. ఎర్గొటమైన్ గోలీ, రెండో రకం గోలీ ఒకేసారి ఆపేశాం. మొదటి వారం, పది రోజులు నొప్పి పెరుగుతుందని, వాంతులు, చిరాకు ఉంటాయని ముందే చెప్పాను. ఇది చెప్పకపోతే నాలుగో రోజే మెడికల్ షాపుకు వెళ్తారు. ఆ రోజుల కోసం నాప్రోక్సెన్ 500 మిల్లీగ్రాములు పొద్దున, రాత్రి తిన్నాక, కడుపు మంట రాకుండా ఒక గోలీ, వాంతికి ఒకటి ఇచ్చాను. ఆయాసం ఉన్నవాళ్లలో కొందరికి ఈ రకం నొప్పి మందులు పడవు. ఆమె డైక్లోఫెనాక్ వాడినప్పుడు ఆయాసం రాలేదని అడిగి నిర్ధారించుకున్నాకే రాశాను. టీ ఒక్కసారిగా మానొద్దన్నాను, రెండు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గించి మూడుకు తేవాలని చెప్పాను. ఆర్డర్లు తక్కువుండే వారం చూసుకున్నాం. వాళ్ల ఆయన వంట చేస్తానన్నారు, చేశారు కూడా.

అయిదో రోజు ఫోన్ వచ్చింది. రాత్రంతా నిద్ర లేదు, పాత గోలీ ఒక్కటి వేసుకోనా అని. వద్దన్నాను. ఇంకో రెండు రోజులు చూద్దాం, వాంతులు ఆగకపోతే రండి, సెలైన్ పెడదాం అన్నాను. రావాల్సిన అవసరం రాలేదు. ఎనిమిదో రోజు పొద్దున తల తేలికగా లేచానని చెప్పారు.

నొప్పి రాకుండా ఆపే మందు ఎంచుకునేటప్పుడు ఆయాసం అడ్డొచ్చింది. ప్రోప్రనొలాల్ మంచి మందే గానీ ఊపిరి గొట్టాలను బిగిస్తుంది, ఈమెకు ఇవ్వకూడదు. ఫ్లునరిజిన్‌తో బరువు పెరుగుతుంది, దిగులు రావచ్చు. టోపిరమేట్ వేళ్లలో తిమ్మిర్లు తెస్తుంది, కుట్టుపని చేసే మనిషికి అది పెద్ద ఇబ్బంది. ఈసీజీ చూసి అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాత్రి ఎనిమిదింటికి మొదలుపెట్టి, రెండు వారాల తర్వాత 25 చేశాను. నోరు ఎండుతుంది, పొద్దున కొంచెం మత్తుగా ఉంటుంది, ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని చెప్పి రాశాను.

నొప్పి వచ్చిన రోజుకు వేరే ఏర్పాటు. ముదిరేదాకా ఆగకుండా మొదట్లోనే నాప్రోక్సెన్. రెండు గంటల్లో తగ్గకపోతే రైజాట్రిప్టాన్ 10 మిల్లీగ్రాములు. ఇవి వారానికి రెండు రోజులు దాటకూడదు. దువ్వెన తగిలినా మంట పుట్టే స్థితికి వచ్చాక మందులు అంత బాగా పనిచేయవు. ఎర్గొటమైన్, ట్రిప్టాన్ ఒకే రోజు ఎప్పుడూ కలపకూడదు, రెండూ రక్తనాళాలను బిగిస్తాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లకు రెండూ పనికిరావు.

ఒక్కపొద్దు మానమని నేను అడగలేదు. పొద్దున ఏదైనా కడుపులో పడాలి అని మాత్రమే చెప్పాను. దారి చూపింది అత్తగారే: "పాలు తాగి, రెండు అరటిపండ్లు తింటె ఒక్కపొద్దు పోతదా బిడ్డా? పలారం చేస్తె తప్పులేదు." మామూలు రోజుల్లో పిల్లల డబ్బాలు కట్టేటప్పుడే ఆమె కూడా రెండు ముద్దలు తినాలని, ఆర్డర్ ఇచ్చిన మర్నాడు కూడా రోజూ లేచే వేళకే లేవాలని, నిద్ర చాలకపోతే మధ్యాహ్నం అరగంట పడుకోవాలని అనుకున్నాం. మిషన్ ముందు మిణుకుమిణుకుమనే పాత ట్యూబ్‌లైటు తీసేసి, పక్క నుంచి పడేలా ఎల్ఈడీ బల్బు పెట్టించుకున్నారు.

ఆరు నెలలకు

ఏప్రిల్‌లో చూసినప్పుడు నెలకు నొప్పి రోజులు ఆరో ఏడో ఉన్నాయి. వాంతులతో వచ్చేవి రెండు. గోలీల సున్నాలు నాలుగైదు. టీ మూడు కప్పుల దగ్గర నిలిచింది. హిమోగ్లోబిన్ 11.4కు వచ్చింది. బరువు రెండు కిలోలు పెరిగింది, అది ఆమెకు నచ్చలేదు. మందు 25 మీద ఉంచి, ఇలాగే సాగితే ఇంకో ఆరు నెలల తర్వాత మెల్లగా తగ్గిద్దామన్నాను.

నెలసరి నొప్పి మాత్రం లొంగలేదు. తేదీలు క్రమంగానే ఉన్నాయి కాబట్టి రెండు రోజుల ముందు నుంచి అయిదు రోజుల పాటు నాప్రోక్సెన్ రెండు పూటలా వేసుకోమన్నాను. ఆ అయిదు రోజులు కూడా నెల లెక్కలోకే వస్తాయని, మిగతా రోజుల్లో నొప్పి గోలీ మూడు నాలుగు రోజులకు మించొద్దని క్యాలెండర్ మీదే రాసిచ్చాను.

వెళ్లేముందు తన 12 ఏళ్ల కూతురి గురించి అడిగారు. బస్సెక్కితే కక్కుకుంటుందట. ఈ మధ్య బడి నుంచి వచ్చి తల పట్టుకుని పడుకుంటోందట. పొద్దున ఏమీ తినకుండానే బడికి పోతుందట. పిల్లను ఒకసారి తీసుకురమ్మన్నాను. ఈలోగా పొద్దున తినిపించి పంపమని, నీళ్ల సీసా ఖాళీ అయి వస్తోందో లేదో చూడమని, మెడికల్ షాపు గోలీ మాత్రం వేయొద్దని చెప్పాను. గోడ క్యాలెండర్‌లో కూతురి పేరు మొదటి అక్షరంతో ఇంకో గుర్తు పెట్టుకుంటానన్నారు.